రక్తపరీక్ష ఏమి చెప్పును? ఏమి చెప్పదు?

సూరత్ నగరమున మరమగ్గములపై పనిచేయుటకు కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి వలసవెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబములు వేలకొలదిగా నున్నవి. లింబాయత్ వంటి పేటలలో తెలుగు మాట నిత్యము వినవచ్చును. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతము నడుపుచున్నది. తెగిన పోగును చూచి ముడివేయవలసిన కార్మికునకు కంటిచూపే జీవనాధారము. ఆ చూపును కొన్ని వారములలోనే హరింపగల ఒక వైరస్‌ను లేబొరేటరీలో కనిపెట్టు విధము ఇచట వివరింపబడుచున్నది.

దాని పేరు సైటోమెగలో వైరస్. మన దేశమున పెద్దవారిలో అత్యధికుల శరీరములలో ఇది ఏనాడో ప్రవేశించి నిద్రాణమై యుండును. ఆరోగ్యవంతులను సాధారణముగా బాధింపదు. హెచ్.ఐ.వి. వ్యాధి ముదిరినప్పుడు, మూత్రపిండ మార్పిడి జరిగి నిరోధకశక్తిని అణచు మందులు వాడునప్పుడు, రక్తకేన్సరు చికిత్సలో నున్నప్పుడు అదను చూచి విజృంభించును. హెచ్.ఐ.వి. సోకినవారిలో సి.డి.4 కణములు ఘనమిల్లీమీటరు రక్తమునకు 50 కన్న తగ్గినచో కంటి లోపలి పొరకు ప్రమాదము హెచ్చు. కంటిముందు నలుసులు తేలును, మెరుపులు కనబడును, ఒక ప్రక్క తెర దిగినట్లుండును. నొప్పి మాత్రము సామాన్యముగా నుండదు. అందుచేతనే పలువురు ఉపేక్షింతురు. నశించిన చూపు తిరిగి రాదు.

ఇట్టి రోగికి ప్రతిరక్షకముల పరీక్ష చాలదు. 'పాజిటివ్' అని వచ్చిన, వైరస్ ఎప్పుడో ప్రవేశించినదని మాత్రమే తెలియును. అది పెద్దలలో నూటికి తొంబదిమందికి పైగా వచ్చు ఫలితమే. నిరోధకశక్తి క్షీణించిన దేహము ప్రతిరక్షకములను తగినంతగా తయారుచేయలేకపోవచ్చును గనుక 'నెగటివ్' అన్నను నిశ్చింతగా నుండరాదు.

కావున వైరస్‌నే వెదకవలెను. 1983లో కేరీ మల్లిస్ కనుగొనిన పి.సి.ఆర్. పద్ధతి వైరస్ జన్యుపదార్థపు లేశమును కోట్లరెట్లు పెంచి చూపును. ఆయనకు 1993లో నోబెల్ బహుమానము లభించినది. అయితే ఎచట వెదకవలెనన్నది ముఖ్యము. కంటిలో వ్యాధి రగులుచుండగా రక్తమున వైరస్ కనబడకపోవచ్చును. నేత్రవైద్యుడు చుక్కలమందుతో కనుపాపను విప్పార్చి లోపలిపొరను చూచుటయే ప్రధాన పరీక్ష. సందేహమున్నచో కంటిలోని ద్రవమును కొద్దిగా తీసి పి.సి.ఆర్.కు పంపుదురు. ప్రేగులలో వ్యాధియైనచో చిన్నముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూతురు; వైరస్ పట్టిన కణము గుడ్లగూబ కన్నువలె కనబడును. హెర్పిస్ వైరస్ మెదడును సోకినదని తోచినచో వెన్నునీరు తీయవలెను. తొలి రెండు మూడు దినములలో అది నెగటివ్‌గా రావచ్చును గనుక మరల పరీక్షింతురు. అంతవరకు మందు ఆపరు.

పి.సి.ఆర్.కు రక్తమును ఊదారంగు మూతగల ఇ.డి.టి.ఏ. గొట్టములో తీయుదురు, హెపారిన్ కలిసిన రక్తము పరీక్షను చెడగొట్టును. నమూనాను మంచుపెట్టెలో పంపవలెను. సూరత్ వేసవిలో ఈ జాగ్రత్త మరింత అవసరము.

లేబొరేటరీ అడిగినదానికే బదులు చెప్పును. నిరోధకశక్తి తగ్గిన సంగతి రోగి దాచినచో, వైద్యుడు అడుగవలసిన ప్రశ్నయే తప్పిపోవును. యజమానికి తెలిసి పని పోవునను భయము సహజమే. కాని 2018 సెప్టెంబరు 10నుండి అమలులోనున్న హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము ప్రకారము రోగి సమ్మతిలేనిదే హెచ్.ఐ.వి. పరీక్ష చేయరాదు; అతని స్థితిని బయటపెట్టరాదు; ఆ కారణమున ఉద్యోగమునుండి తొలగించుట వివక్షయే. 2004లో మన దేశమున ఆరంభమైన ఉచిత ఎ.ఆర్.టి. చికిత్స సూరత్ న్యూ సివిల్ ఆస్పత్రిలోను లభించును.

అవయవమార్పిడి జరిగినవారు రక్తమున వైరస్ పరిమాణమును పలుమార్లు కొలిపించుకొనవలెను. ఒక్క అంకెకన్న, అది పెరుగుచున్నదా తగ్గుచున్నదా యన్నది ముఖ్యము. 2010లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఇందుకు అంతర్జాతీయ ప్రమాణమును నిర్ణయించినను, లేబొరేటరీకిని లేబొరేటరీకిని ఇంకను భేదము కలదు. వీలైనంతవరకు ఒకేచోట చేయించుకొనుట మంచిది. పండుగకు స్వగ్రామము వెళ్లువారు పాత నివేదికలను, మందుల చీటీలను వెంట తీసికొనిపోయి, అచటి వైద్యునకు తప్పక చూపవలెను.