72 గంటలలోపు రండి



హెచ్.ఐ.వి. సోకినదేమో అన్న భయం కలిగినప్పుడు, అది శరీరంలో పాతుకుపోకుండా ఆపే మందులు ఉన్నాయని మన సంఘాల్లో చాలామందికి తెలియదు. తెలిసినవారిలో కూడా కొందరు సిగ్గుపడి, ఇంట్లో రెండు మూడు రోజులు కుమిలిపోయి, ఆ తరువాత వస్తారు. మాకు బాధ కలిగించేది ఆ ఆలస్యమే.

వైరస్ లోపలికి వచ్చిన వెంటనే ఒళ్ళంతా పాకదు. మొదట ప్రవేశించిన చోట కణాలలో ఉండి, కొద్ది రోజుల్లో బిళ్ళలకు, రక్తానికి చేరుతుంది. ఆ లోపే మందు అందాలి. రెండు గంటలలోపు మొదటి మోతాదు పడితే చాలా మంచిది. 72 గంటలు దాటితే ఈ మందు ఇవ్వరు, ఇచ్చినా ప్రయోజనం ఉండదు.

ఆసుపత్రిలో ఈ ప్రమాదం ఎక్కువగా ఆయాలకు, స్వీపర్లకు, నర్సులకు వస్తుంది. వాడిన సూది గుచ్చుకుంటుంది, లేక రక్తం కంట్లో చిమ్ముతుంది. సూది గుచ్చుకోగానే వేలు నోట్లో పెట్టుకోవడం అందరికీ అలవాటు. అలా చేయవద్దు. పిండి రక్తం తీయవద్దు, డెట్టాల్, స్పిరిట్ పోయవద్దు. సబ్బు, ధారగా పడే నీళ్ళు చాలు. కంట్లో పడితే మంచి నీళ్ళతో బాగా కడగండి. హెచ్.ఐ.వి. ఉన్నవారి రక్తం అంటిన సూది గుచ్చుకున్నా, మందు వాడకపోయినా, వెయ్యిమందిలో సుమారు ముగ్గురికే సోకుతుంది. కనుక గుండె జారవిడుచుకోకండి, కాని రావడం మానకండి.

అత్యాచారానికి గురైన ఆడపిల్లలకు, స్త్రీలకు కూడా ఇదే మందు ఇస్తారు. ముందు పోలీసు స్టేషనుకు వెళ్ళి రావాలన్న నియమం లేదు. ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలని 2013 నుండి చట్టమే చెబుతోంది. తల్లులారా, పరువు పోతుందని పిల్లను గదిలో పెట్టి తలుపు వేయకండి. కండోం చిరిగినవారు, తప్పటడుగు వేసి భయపడుతున్నవారు కూడా రావచ్చు. పాస్టరుగారి దగ్గర చెప్పుకోవడానికి వచ్చే ఆదివారం ఉంది, మందుకు అంత వ్యవధి లేదు. మేము అడిగేది ఏమి జరిగింది, ఎన్ని గంటలైంది అన్నదే. మీ సంగతి బయట చెప్పడానికి మాకు అధికారం లేదు. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం కూడా దానిని నిషేధించింది.

ప్రభువు బల్లలో ఒకే గిన్నె వాడామనీ, దోమ కుట్టిందనీ, కలిసి భోంచేశామనీ అడిగేవారున్నారు. వాటి వలన హెచ్.ఐ.వి. రాదు, ఏ మందూ అక్కరలేదు.

మందు మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేస్తారు. ఇప్పుడు సాధారణంగా మూడు మందులు కలిసిన ఒకే మాత్ర, రోజుకొకటి, 28 రోజులు ఇస్తారు. పాత రోజుల్లో వాడిన మందులకు వాంతులు, నీరసం ఎక్కువగా ఉండేవి, ఈ మాత్ర చాలా నయం. ఐరన్, కాల్షియం మాత్రలు, గ్యాసు మందులు, షుగరు మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి. వాటిలో కొన్నింటిని దీనితో కలిపి వేసుకోకూడదు. పది రోజులకు ఒళ్ళు బాగుందని మానేస్తే ప్రయోజనం ఉండదు. ఆరు వారాలకు, మూడు నెలలకు మళ్ళీ పరీక్ష ఉంటుంది. డాక్టరుగారు చెబితే ఆ తరువాత కూడా చేయించుకోవాలి. అంతవరకు రక్తదానం చేయవద్దు, భార్యాభర్తలు కండోం వాడాలి.

రాత్రయినా, ఆదివారమయినా నేరుగా క్యాజువాల్టీకి రండి. దూరాన ఉన్నవారు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి గాని ఎ.ఆర్.టి. కేంద్రానికి గాని వెళ్ళండి. సందేహం ఉంటే 1097 కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

— నర్సింగ్ సూపరింటెండెంట్