చలిగాలి దిగితే కూలి పోతుంది

వానొస్తే కూలికి ఆ పూట పని పోతుంది. మంచు గడ్డకడితే పంటే పోతుంది. అమెరికా దక్షిణాది తోటల్లో కాయలు కోసే కూలీలకు ఈ సంగతి బాగా తెలుసు. ఆ చలి ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం.

ఆ దేశం పటం తీసి చూడండి. పడమట రాకీ పర్వతాలు, తూర్పున అపలాచియన్ కొండలు. రెండూ ఉత్తరం నుంచి దక్షిణానికి సాగినవే. నడుమ మైదానానికి అటు కెనడా వైపుగాని, ఇటు మెక్సికో సింధుశాఖ వైపుగాని అడ్డుగోడ లేదు. మనకు హిమాలయాలు అడ్డం నిలబట్టి సరిపోయింది. లేకుంటే మధ్య ఆసియా చలి మన పొలాల్లోకీ దిగేదే. అక్కడ ఉత్తరాన్నుంచి పొడి చలిగాలి దిగుతుంది, దక్షిణాన్నుంచి సముద్రపు తేమతో వేడిగాలి ఎక్కివస్తుంది. రెండూ ఢీకొనే సరిహద్దును ఫ్రంట్ అంటారు. ఫ్రంట్ అంటే మనకు ఎన్నికలు గుర్తొస్తాయిగాని, ఇది యుద్ధరంగం నుంచి తీసుకున్న మాట. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల్లో నార్వేలోని బెర్గెన్‌లో వాతావరణ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు.

చలిగాలి బరువు. అది ముందుకొచ్చిందంటే, బండకింద పలుగు దూర్చినట్టు వేడిగాలి కిందికి దూరి దాన్ని అమాంతం పైకి లేపేస్తుంది. ఉరుములు, వడగళ్లు, జడివాన. కొద్ది గంటల్లో తేలిపోతుంది, వెనకాలే వణుకు. వేడిగాలి ముందుకొస్తే వేరు. అది చలిగాలి వీపుమీదుగా మెల్లగా పాకుతుంది, ముసురు పడుతుంది. 1911 నవంబరు 11న ఓక్లహామా నగరంలో పగలు 28 డిగ్రీల సెంటీగ్రేడు వేడి. అదే రోజు అర్ధరాత్రి లోపల సున్నాకి 8 డిగ్రీల కిందికి పడిపోయింది!

ఎండాకాలంలో ఈ సరిహద్దు కెనడా దరికి జరుగుతుంది. గోధుమ కోతా అంతే, మే నెలలో టెక్సాస్‌లో మొదలై ఆగస్టుకు మోంటానా చేరుతుంది. దక్షిణ టెక్సాస్‌లోని మెక్సికన్ సంతతి కూలీ కుటుంబాలు తరతరాలుగా వేసవికి ఉత్తరాదికి వలసపోయి, చలి ముదరకముందే తిరిగొచ్చేవి. చలికాలంలో వాళ్ల ఆధారం బత్తాయి, నారింజ తోటలే.

సరిహద్దు మరీ కిందికి దిగిన ఏడు ఆ ఆధారమూ ఉండదు. 1983 డిసెంబరులో, మళ్లీ 1989 డిసెంబరులో రియో గ్రాండే లోయలోనూ, ఫ్లోరిడాలోనూ చలి విరుచుకుపడింది. కాయలే కాదు, చెట్లే చచ్చాయి. కొత్త మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. తోటగల ఆసామికి అప్పయినా పుడుతుంది. కోతకూలీకి ఏం పుడుతుంది? కాగితాలు లేని కూలీ అయితే నిరుద్యోగ భృతి అడగడానికే లేదు.

ఇది చలిగాలి ఒక్కదాని పనికాదు. సంఘం పెట్టుకుని బేరమాడే హక్కును కాపాడే చట్టం అక్కడ 1935లో వచ్చింది. అందులోంచి వ్యవసాయ కూలీలను తప్పించారు, నేటికీ చేర్చలేదు. 1938 నాటి కనీస వేతన చట్టంలోనూ చోటివ్వలేదు, 1966లోగాని కొందరికి అది అందలేదు. ఇళ్లలో పాచిపని చేసేవాళ్లకూ అదే గతి పట్టించారు. ఆ రోజుల్లో దక్షిణాదిన ఈ రెండు పనుల్లోనూ ఎక్కువమంది నల్లజాతివాళ్లు. దక్షిణాది భూస్వాముల మాట చట్టసభలో ఎంత చెల్లిందో వేరే చెప్పాలా?

కాలిఫోర్నియా కూలీలు ఏళ్లతరబడి సమ్మెలుచేసి 1975లో తమ రాష్ట్రం వరకు ఆ హక్కు సాధించుకున్నారు. టెక్సాస్‌లో అలాంటి చట్టం రాలేదు. 2021 ఫిబ్రవరిలో అక్కడ మళ్లీ చలి దిగింది. కరెంటు పోయింది, ఆ రాష్ట్ర ప్రభుత్వం లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. రియో గ్రాండే లోయలో తోటలు మళ్లీ మాడాయి.