‘సింగిడి’యా... ‘వెన్నెల’యా?

ఆబిడ్స్‌, నాంపల్లి: పిల్లవాడికి తెలుగు వాచకం కావాలని దుకాణంలో అడిగితే సరిపోదు. తొమ్మిది, పది తరగతులైతే బడి ఏ బోర్డుకు చెందినదో కూడా చెప్పాలి. రాష్ట్ర సిలబస్‌లో తెలుగును ప్రథమ భాషగా చదివే విద్యార్థి పుస్తకం ‘సింగిడి’. సీబీఎస్‌ఈ విద్యార్థికి ప్రభుత్వం సూచించినది ‘వెన్నెల’. పక్కపక్క ఇళ్లలో ఉంటూ ఒకే ఆటోలో బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు వేర్వేరు తెలుగు పుస్తకాలు చదవడానికి కారణమేమిటన్నది చాలామంది తల్లిదండ్రుల సందేహం.

ప్రాథమిక విద్యలో ఏమి బోధించాలో నిర్ణయించే అధికారాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్‌ ఒక విద్యా ప్రాధికార సంస్థకు అప్పగించింది. రాష్ట్రంలో ఆ బాధ్యత రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ (ఎస్‌సీఈఆర్‌టీ)ది. ఆబిడ్స్‌కు కూతవేటు దూరంలో, ఎల్బీ స్టేడియం ఎదుట దాని కార్యాలయం ఉంది. ముందుగా విద్యా ప్రణాళిక పరిధిపత్రం, దాని ఆధారంగా పాఠ్యప్రణాళిక, ఆ తరువాత ఉపాధ్యాయులు, భాషావేత్తలతో కూడిన బృందం రాసే పుస్తకం. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో రూపొందిన పరిధిపత్రం మేరకు 2012-13 నుంచి విడతలవారీగా కొత్త పుస్తకాలు వచ్చాయి. తెలంగాణ ఏర్పడిన తరువాత తెలుగు వాచకాలను తిరిగి రాయించారు. సింగిడి అంటే తెలంగాణ నుడిలో ఇంద్రధనుస్సు. ఆ పేరు పెట్టడంలోనే నాటి ఉద్దేశం తెలుస్తుంది.

పుస్తకం ఎంపిక నిపుణుల పనే అయినా ప్రభుత్వాల నీడ దానిపై పడక మానదు. 2024 జూన్‌లో బడులు తెరిచిన రోజున పంచిన తెలుగు పుస్తకాలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ముందుమాటలో మాజీ ముఖ్యమంత్రి పేరు ఉండడమే అందుకు కారణం. పాఠాలలో ఏ దోషమూ లేదు.

ఇక చట్టం సంగతి. రాష్ట్రంలోని అన్ని బోర్డుల పాఠశాలల్లో తెలుగు బోధన తప్పనిసరి చేస్తూ 2018లో శాసనసభ చట్టం చేసింది. 2018-19లో ఒకటి, ఆరు తరగతులతో మొదలుపెట్టి ఏటా పై తరగతులకు విస్తరించాలన్నది ప్రణాళిక. ఆబిడ్స్‌, నాంపల్లి వంటి ప్రాంతంలో దీని అమలు అంత సులువు కాదు. ఇక్కడ ఉర్దూ, మార్వాడీ, గుజరాతీ, హిందీ ఇంటిభాషలు. ఉర్దూ మాధ్యమ బడుల్లో తెలుగు ద్వితీయ భాష. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చి నేరుగా తొమ్మిదో తరగతిలో చేరిన బాలికకు ప్రాచీన పద్యంతో మొదలయ్యే పాఠం ఎంత భారమో ఊహించవచ్చు.

ఈ ఇబ్బంది దృష్ట్యా 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆదేశాలిచ్చింది. సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ, ఐబీ తదితర బోర్డుల పాఠశాలల్లో సింగిడికి బదులు సరళమైన ‘వెన్నెల’ను 2025-26 నుంచి తొమ్మిదో తరగతికి, 2026-27 నుంచి పదో తరగతికి వాడాలన్నది వాటి సారాంశం. మాతృభాష తెలుగు కాని విద్యార్థుల సౌలభ్యం కోసమే ఈ మార్పు అని పేర్కొన్నారు. నిర్ణయం మంచిదే కానీ ఆలస్యమైంది. చట్టం వచ్చిన ఏడాది ఆరో తరగతిలో ఉన్నవారు 2022-23 నాటికే పదో తరగతికి చేరుకున్నారు. మరొక చిక్కూ ఉంది. ఆ బడుల్లో ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలూ ఉన్నారు. సులువైన పుస్తకం వారికి మార్కులు తెచ్చిపెట్టవచ్చు, కానీ భాషలో వారిని ముందుకు నడిపించదు. ఒకే తరగతి గదిలో రెండు స్థాయుల వాచకాలు నడపాలంటే ఉపాధ్యాయులు చాలినంతమంది కావాలి.

చట్టం పరిధి పదో తరగతితో ముగుస్తుంది. ఆ తరువాత విద్యార్థి చేరేది నాంపల్లి విద్యాభవన్‌లోని ఇంటర్మీడియట్‌ బోర్డు పరిధిలోకి. అక్కడ ద్వితీయ భాషను ఎంచుకునే వీలుంది. ఎక్కువ మార్కులు వస్తాయన్న ఆశతో ప్రైవేటు కళాశాలల్లో అనేకులు సంస్కృతం వైపు మొగ్గుతున్నారు. 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వ జూనియర్‌ కళాశాలల్లోనూ సంస్కృతాన్ని ప్రవేశపెట్టే ఆలోచన చేసినప్పుడు తెలుగు భాషాభిమానులు అభ్యంతరం తెలిపారు.