రేపల్లె తీరంలోని ప్రభుత్వ మడ భూములు: అడవి, వన్యప్రాణి, విహారం

తెనాలి నుండి వచ్చే రైలుమార్గం రేపల్లెతో ముగుస్తుంది. అక్కడి నుండి దక్షిణానికి సాగేకొద్దీ వరిచేలు పలచబడతాయి. రొయ్యల చెరువులు, వాటి వెనుక ఉప్పు తేలిన చవిటి నేలలు, చివరకు మడ అడవి ఎదురవుతాయి. నిజాంపట్నం, అడవులదీవి, లంకెవానిదిబ్బ గ్రామాలకు ఆవల సముద్రం వరకు పరచుకొన్న ఈ బురద భూములలో చాలా భాగం ప్రభుత్వ అటవీ భూమి. కృష్ణానది మొగల చుట్టూ ఉన్న ఇటువంటి భూములను కలిపి 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 195 చదరపు కిలోమీటర్లు. అందులో రేపల్లె వైపు భాగం నాటి గుంటూరు జిల్లాకు చెందినది. 2022 ఏప్రిల్ 4 నుండి అది బాపట్ల జిల్లాలో ఉన్నది.

దారి సరిగా లేని ఈ భూముల మీద నేడు మూడు వైపుల నుండి దృష్టి పడుతున్నది. మడ అడవుల విస్తరణకై కేంద్ర ప్రభుత్వం 2023లో ప్రారంభించిన ‘మిష్టి’ పథకం, తొమ్మిది రాష్ట్రాలు, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాలలో ఐదేళ్ళలో సుమారు 540 చదరపు కిలోమీటర్లలో మడ తోటలను పెంచాలని లక్ష్యం పెట్టుకొన్నది. అదే భూమి అరుదైన నీటిపిల్లికి, వలస పక్షులకు ఆవాసం. సూర్యలంక తీరం సెలవు దినాలలో కిక్కిరిసిపోతుండడంతో పర్యాటకాన్ని తూర్పుకు విస్తరించాలన్న ఆలోచన కూడా సహజంగానే కలుగుతుంది. ఈ మూడింటికీ భూమిని సమానంగా పంచడం సాధ్యమని మొదట తోచవచ్చును. కాని ఇక్కడ పంచవలసినది భూమి కాదు, నీరు. ఆటుపోట్ల నీటి రాకపోకలను మొదట చక్కబెట్టి, దానిని అనుసరించి చెట్టును, ప్రాణిని, చిట్టచివర సందర్శకుని అమర్చుకొంటే తప్ప ఈ భూమి నిలువదు.

పోటు చేరని చోట మొక్క నిలువదు

బాపట్ల పరిసరాల రైతులకు చవుడు కొత్త విషయం కాదు. భూమి సారపు విద్యుత్ వాహకత 3 డెసీసైమన్లు దాటిన దగ్గర నుండి వరి దిగుబడి తగ్గుతుంది. సముద్రపు నీటి వాహకత దాదాపు 50. ఆ నీటిలోనే మడ చెట్టు పెరుగుతుంది. ఆకుల మీది గ్రంథుల ద్వారా ఉప్పును విసర్జిస్తుంది. బురదలో ప్రాణవాయువు అందదు కనుక శ్వాసవేళ్ళను పైకి నిలుపుతుంది. ఇంత ఓర్పు గల చెట్టుకు ఉప్పు వలన ముప్పేమిటని ప్రశ్న రావచ్చును. ముప్పు సముద్రపు నీటితో కాదు, వచ్చి తిరిగి వెళ్ళని సముద్రపు నీటితో.

మడ అడవిని బారుగా నరికినప్పుడు నేల ఎండకు గురవుతుంది. తేమ ఆరి, బంకమట్టి కుంగి, మధ్యలో పళ్ళెం వంటి పల్లం ఏర్పడుతుంది. పెద్ద పోటులో ప్రవేశించిన నీరు ఆటులో బయటికి పోలేక అక్కడే నిలిచి ఆవిరవుతుంది. ఉప్పు మాత్రం మిగులుతుంది. ఇది పలుమార్లు జరిగేసరికి నేలలోని నీరు సముద్రపు నీటికంటే ఎన్నో రెట్లు ఉప్పగా మారి, ఇలకూర వంటి ఉప్పు మొక్కలు తప్ప మరేమీ మొలవని స్థితి వస్తుంది. తమిళనాడులోని పిచ్చావరం మడ అడవులు క్షీణించిన తీరును అధ్యయనం చేసిన ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు ఈ కారణాన్ని వివరించారు. తరువాత కృష్ణా, గోదావరి మొగలలోనూ అదే పద్ధతిలో అటవీ శాఖతో, గ్రామ సంఘాలతో కలిసి పనిచేశారు.

చికిత్స కారణంలోనే ఉన్నది. సహజమైన పాయ నుండి పల్లంలోనికి ఒక ప్రధాన కాలువ, దానికి రెండువైపులా ఏటవాలుగా పిల్లకాలువలు త్రవ్వుతారు. పైనుండి చూస్తే చేప వెన్నెముక వలె కనిపిస్తుంది. బురద జారిపోకుండా కాలువను పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా తీయాలి. మొక్కను గట్టు నడినెత్తిన గాని కాలువ అడుగున గాని నాటరాదు. వాలు మధ్యభాగంలో, పోటు వచ్చి తాకిపోయే మట్టంలో నాటాలి. పైన నాటితే ఎండుతుంది, అడుగున నాటితే మునిగి కుళ్ళుతుంది. వానలతో ఉప్పు పలచబడిన రోజులలో నాటిన మొక్క త్వరగా నిలదొక్కుకొంటుంది. ఉప్పు ఎక్కువగా ఉన్న చోట మడ, తిల్ల. నిత్యం నీరు ఆడే పాయ అంచున పొన్న. ఈ వరుస ప్రకృతి నిర్ణయించినదే.

ఇక్కడ ఒక లోపాన్ని చెప్పక తప్పదు. మొక్కల పెంపకాన్ని మనం సాధారణంగా నాటిన మొక్కల సంఖ్యతో కొలుస్తాము. మడ భూముల విషయంలో ఆ లెక్క దాదాపు నిరర్థకం. పోటు తిరిగి ప్రవేశించిన హెక్టార్లెన్ని, మూడవ ఏట కాలువలో నీరు కదులుతున్నదా లేదా అన్నవే సరియైన కొలతలు. నీరు కదిలితే ఎగువ చెట్ల నుండి రాలిన విత్తనాలు తామే వచ్చి మొలకెత్తుతాయి. అప్పుడు నర్సరీ ఖర్చు కూడా తగ్గుతుంది.

ఎగువ నుండి రావలసిన నీరు

పోటు నీరు సగం మాత్రమే. మిగిలిన సగం కృష్ణ తేవలసిన మంచినీరు, ఒండ్రు. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజి, 1967 నుండి నాగార్జునసాగర్ వచ్చిన పిదప, వరద రోజులు మినహా మొగలకు చేరే నది నీరు బాగా తగ్గినది. ఒండ్రు జలాశయాలలో ఆగిపోతున్నది. అందువలన ఇతర కాలాలలో రేపల్లె మడ అడవికి అందే మంచినీటిలో ముఖ్యమైనది పశ్చిమ డెల్టా పొలాల నుండి మురుగు కాలువల ద్వారా దిగివచ్చే నీరే. పొలంలో మిగిలిన పురుగుమందు, ఎరువు కూడా ఆ నీటితోనే దిగుతాయి. ఎగువ రైతు సస్యరక్షణలో పాటించే మితం దిగువన పీతల మీద, రొయ్య పిల్లల మీద నేరుగా ప్రభావం చూపుతుంది. మురుగు కాలువల పూడిక తీసేటప్పుడు వాటిని తిన్నగా సముద్రంలోనికి కోసివేయడం కంటే, చివరి భాగంలో కొంత నీటిని మడ పాయలలోనికి మళ్ళించే అవకాశాన్ని నీటిపారుదల, అటవీ శాఖలు కలిసి పరిశీలించడం మేలు. తిన్నని కోత వరదను త్వరగా దించుతుంది, నిజమే; పోటు సమయంలో ఉప్పునీటిని అంతే త్వరగా పొలాల దాకా తెస్తుంది కూడా.

చెట్టు లేని నేల అంతా బంజరు కాదు

లక్ష్యాల ఒత్తిడిలో తరచు జరిగే పొరపాటు, ఖాళీగా కనిపించిన ప్రతి బురద మేటలోనూ మొక్క నాటాలనుకోవడం. పోటు వెళ్ళిన తరువాత తేలే ఈ మేటలలో పురుగులు, నత్తలు, చిన్న పీతలు దండిగా ఉంటాయి. శీతకాలంలో ఉత్తరాది దేశాల నుండి వచ్చే ఉల్లంకి జాతుల పక్షులు వీటి మీదనే బ్రతుకుతాయి. ఆ పక్షులకు విశాలంగా, శత్రువు దూరం నుండే కనిపించే నేల కావాలి. అక్కడ తోట వేస్తే అడవి విస్తీర్ణం కాగితం మీద పెరుగుతుంది, పక్షి తిండి పోతుంది. ఒకప్పుడు అడవి ఉండి నరికివేతతో పల్లమైన నేలకు, ఎన్నడూ అడవి లేని బురద మేటకు గల తేడాను పాత సర్వే పటాలు, ఉపగ్రహ చిత్రాలు చూసి నిర్ధారించిన తరువాతే నాటడానికి ఉపక్రమించాలి.

నీటిపిల్లి అవసరం వేరు. బావురుపిల్లి అని కూడా పిలిచే ఈ జంతువు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నది. రాత్రివేళ పాయల అంచున పొంచి చేపను పడుతుంది. పగలు దట్టమైన పొదలలో దాగుతుంది. దానికి కావలసినది పెద్ద చెట్లు కాదు, తెగకుండా సాగే పొదల వరుస. ఆ వరుస మధ్యలో ఒక రొయ్యల చెరువు గట్టు వచ్చినా, రాత్రంతా వెలిగే దీపాలు వచ్చినా దాని సంచారం దెబ్బతింటుంది. నీటికుక్కలకూ ఇదే వర్తిస్తుంది. చేప తింటున్నదని చెరువు యజమానులు పిల్లిపై పగ పట్టే సందర్భాలలో, చెరువు చుట్టూ వల కట్టడం చంపడం కంటే చవక అని, చంపితే కఠిన శిక్ష తప్పదని వివరించవలసిన బాధ్యత విస్తరణాధికారులది కూడా.

హద్దులు: కొల్లేరు చెప్పే పాఠం

1980ల చివర నుండి తీరమంతటా వ్యాపించిన రొయ్యల సాగు మడ భూములకు చేసిన హాని చెట్లు నరకడంతో ఆగలేదు. గట్లు పాయలను మూసినవి. గట్టుకు అవతల నరకని అడవి కూడా పోటు అందక ఎండినది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై కఠినమైన తీర్పునిచ్చినది. 2005లో కోస్తా జలచర సాగు ప్రాధికార సంస్థ చట్టం వచ్చినది. తీర నియంత్రణ నిబంధనల ప్రకారం వెయ్యి చదరపు మీటర్లకు మించిన మడ అడవి చుట్టూ 50 మీటర్ల రక్షణ పట్టీ ఉండాలి. చట్టాలకు కొదవ లేదు. నేల మీద గుర్తించిన గీతకే కొదవ.

ఆ గీతను ఎలా గీయాలన్నదానికి మన పొరుగునే ఉదాహరణ ఉన్నది. కొల్లేరు సరస్సును 1999లో ఐదవ కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. సర్వే నంబరుతో కాక నీటి మట్టంతో హద్దు నిర్ణయించడం శాస్త్రీయమైన పద్ధతి. అయితే ఆ హద్దులో జిరాయితీ భూములు కూడా ఉన్నాయి. వాటి యజమానుల సంగతి తేలకుండానే ప్రకటన వచ్చినది. 2006లో చేపల చెరువుల గట్లను ధ్వంసం చేశారు. ఆపై కాంటూరును తగ్గించాలన్న వాదన శాసనసభ దాకా వెళ్ళినది. చెరువులు మళ్ళీ లేచాయి. గీత సరియైనదే, దానిలో చిక్కుకొన్న మనుషులతో ముందుగా తేల్చుకోకపోవడమే లోపం. రేపల్లె వైపు భూమి ప్రధానంగా ప్రభుత్వానిదే కనుక ఈ పని ఇక్కడ సులభం. ఆక్రమణలు ముదిరిన తరువాత సులభం కాదు.

సందర్శకుని స్థానం

విహారాన్ని పూర్తిగా వద్దనడం ఈ వ్యాసకర్త అభిప్రాయం కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత ఈ తీరంలో మడ అడవి విలువను వేరుగా బోధించనక్కరలేదు. అయినా కొత్త తరం దానిని కన్నులారా చూడాలి. ఎక్కడ చూపాలన్నదే ప్రశ్న.

కాకినాడ సమీపాన కోరింగలో అడవి అంచున చెక్కబాట వేశారు. సందర్శకులు అధికంగా ఆ బాట మీదనే ఉండిపోతారు. వెనుక ఉన్న 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంలో అత్యధిక భాగం నిశ్శబ్దంగా ఉంటుంది. గుంటూరు దగ్గరి ఉప్పలపాడులో గ్రామ చెరువుల నడుమ తుమ్మ చెట్ల మీద, అమర్చిన ఇనుప మంచెల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కడతాయి. సందర్శకుడు గట్టు మీద నిలబడి చూస్తాడు, నీరే కంచె. నేలపట్టులో చెరువులోని కడప చెట్లపై గూడబాతులు పిల్లలను పెంచుతాయి; వాటి రెట్టతో సారవంతమైన నీరు ఆయకట్టుకు పారుతుంది కనుక అక్కడి రైతులు పక్షిని తమదిగా చూసుకొన్నారు. ఈ మూడు చోట్లా చూపు లోపలికి పోతుంది, అడుగు పోదు.

రేపల్లె విషయంలోనూ చెక్కబాట, పక్షి వీక్షణ మంచె నిజాంపట్నం రేవు పరిసరాలలో, ఇప్పటికే రోడ్డు, విద్యుత్తు ఉన్న చోటనే ఉండాలి. 2019 నాటి తీర నియంత్రణ ప్రకటన మడ అడవిలో కాలిబాటలకు షరతులతో అవకాశమిచ్చినది. అవకాశం ఉన్నదని మొగల దాకా దారి వేయనక్కరలేదు. లంకెవానిదిబ్బ ఆవలి భూమిని ఇంతకాలం కాపాడినది దాని దూరమే.

బస ఏర్పాట్లకు మరొక చిక్కు ఉన్నది. ఈ తీరపు ఇసుక నేలలలో మంచినీరు ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలి ఉంటుంది. మన పెద్దలు దొరువులు త్రవ్వి ఆ పొరను పైపైన తోడుకొన్నారు. బాపట్లలోని చవుడు నేలల పరిశోధనా కేంద్రం దొరువును మెరుగుపరచినదీ ఈ సూత్రం మీదనే. అతిథిగృహానికి లోతైన బోరు వేసి రోజంతా తోడితే అడుగు నుండి ఉప్పు పైకి లేస్తుంది. నష్టం చుట్టూ ఉన్న వేరుశనగ, కూరగాయల రైతుకు. బస బాపట్ల, రేపల్లె పట్టణాలలోనే ఉంచి, తీరానికి పగటి సందర్శన మాత్రమే అనుమతించడం ఇందుకే మేలు. ఇసుక తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ళకు కూడా అదే అనుకూలం: గుడ్డు నుండి వెలువడిన పిల్లలు వెలుగును బట్టి సముద్రాన్ని గుర్తిస్తాయి, దీపాలుంటే దారి తప్పుతాయి. సరుగుడు తోటలను కూడా పోటు గీత దాకా వేయక, తల్లి తాబేలు గుంత తీసుకొనేందుకు వదులు ఇసుకను విడిచిపెట్టాలి.

కాలువలను చూసేదెవరు

త్రవ్విన కాలువ బురదతో పూడుతుంది. పథకం నిధులు నాటిన తొలి సంవత్సరాలతో ముగుస్తాయి కనుక పూడిక తీసేవారు లేక, మొక్కలు బ్రతికిన చోట కూడా తోట మళ్ళీ ఎండడం ప్రారంభిస్తుంది. ఈ పాయలలో రోజూ దిగేవారు చేతితో చేపలు, మండపీతలు పట్టే యానాదులు, మత్స్యకారులు. ఏ కాలువలో నీరు ఆగినదో అధికారికంటే వారికి ముందు తెలుస్తుంది. ఏటా వానలకు ముందు పూడికతీత పనిని వారి సంఘాలకే కూలి గిట్టేలా అప్పగించి, సందర్శకుల రుసుములో కొంత భాగాన్ని ఆ పనికే కేటాయించవచ్చును. పశువుల మేత లేత మడ మొక్కకు మరొక ముప్పు. నాటిన చోట మూడేళ్ళు గేదెలను రానీయకుండా చూడడం కూడా ఆ సంఘాలు చేయగల పనే. ప్రతి కాలువ మొదట్లో ఒక కొలత కర్ర పాతి, పోటు, ఆటు మట్టాలను అమావాస్య, పౌర్ణమి రోజులలో నమోదు చేస్తే చాలు. రెండు మట్టాల మధ్య తేడా తగ్గుతున్నదంటే, ఆకు పచ్చగా ఉన్నప్పటికీ, పార పట్టే సమయం వచ్చినట్లే.