మెట్టనేల యేల కంపించును?



2020వ సంవత్సరము జనవరి 26వ తేదీన, తెల్లవారుజామునకు ఇంకను ఎంతో ముందుగా, రాత్రి రెండున్నర గంటలు దాటినవేళ, చందర్లపాడు, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల జనులు ఉలికిపడి మేల్కొని వాకిళ్ళలోనికి వచ్చిరి. ఆ రాత్రి భూమి కంపించెను. జగ్గయ్యపేటకు పడమటివైపున, సూర్యాపేట జిల్లా చింతలపాలెము దాపున ఆ కంపమునకు పుట్టుక. దాని పరిమాణము 4.6 అని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు లెక్కగట్టిరి. ఆ దినములలో అచట చిన్న కంపములు మరికొన్ని కూడ కలిగినవి.

ఇట్టివేళల పెద్దలకు రెండు సందేహములు కలుగుట సహజము. తరతరములుగా కదలని ఈ రాతినేల ఇప్పుడేల కదలుచున్నది? నేలలో ఉరుము వంటి ధ్వని వినబడుచున్నదే, ఇచట అగ్నిపర్వతము పుట్టునా?

మన పూర్వులును ఈ విషయము నాలోచింపక పోలేదు. ఆఱవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో భూకంపమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము వ్రాసి, అంతకుముందు పెద్దలు చెప్పిన కారణములను ఏకరువు పెట్టెను. నీటిలోని మహాజంతువులు కదలుటచేతనని కొందఱు, భూభారము మోయు దిగ్గజములు అలసి నిట్టూర్చుటచేతనని కొందఱు, గాలిని గాలి తాకి నేలబడుటచేతనని మరికొందఱు చెప్పిరట. ఒక్క కారణముతో తృప్తిపడక పలువురి మతములను ప్రక్కప్రక్కన నిలిపి చూపుట మెచ్చదగినది.

నేటి శాస్త్రము చెప్పునది ఇది. భూమి పైపొర ఒకే ముక్క కాదు. పగిలిన పెంకువలె కొన్ని పెద్ద పలకలుగా నున్నది. ఈ పలకల క్రింద నిప్పుల సముద్రమున్నదని పలువురు తలంతురు గాని అది సరికాదు. అచట నున్నదియు రాయియే. అయితే కమ్మరి కొలిమిలో కాగిన ఇనుము గట్టిగా నుండియు వంగునట్లు, ఆ రాయి మిక్కిలి వేడిచేత లక్షలాది సంవత్సరములలో మెల్లమెల్లగా సాగుచుండును. దానితోపాటు పలకలును జరుగును. మన దేశమున్న పలక ఏటికి సుమారు ఐదు సెంటీమీటర్లు ఉత్తరముగా నడచుచున్నది. మన గోళ్ళు పెరుగు వేగమునకు ఇది కొంచెము మాత్రమే హెచ్చు. ఆ నడక ఆసియా పలకను ఢీకొనుటచేతనే హిమాలయములు లేచినవి.

హిమాలయములలోని పోరు మనకేమని అనరాదు. నిండుబండిని వెనుకనుండి నెట్టినప్పుడు ముందుచక్రము రాతికి తగిలినచో బండి నడుమ భాగము కూడ కిఱ్ఱుమనును గదా! అట్లే ఆ ఒత్తిడి దేశమంతటను ప్రాకుచున్నది. మన నేల బహుపురాతనమైనది. పురాతనమైన నేలలో పాత పగుళ్ళు కలవు. ఒత్తిడి ఏండ్లతరబడి కూడి, ఒకనాడు ఆ పగులు ఇరుప్రక్కల బండలు ఒక్కసారి జారును. ఆ జారుటయే భూకంపము. కొత్తగూడెము, ఇల్లందు గనులలో బొగ్గు దొరకు గోదావరి లోయ అట్టి పాత పగుళ్ళ నడుమ క్రుంగిన నేలయే. 1969వ సంవత్సరము ఏప్రిల్ 13న భద్రాచలము చెంతను, 2024వ సంవత్సరము డిసెంబరు 4న ములుగు చెంతను ఆ లోయ ప్రాంతముననే భూమి కంపించెను. ములుగు కంపము 5.3 పరిమాణము గలది. ఉదయము ఏడున్నర వేళ విజయవాడవఱకు తెలిసినది. అంతకు పూర్వము 1967 మార్చి 27న ఒంగోలులోను 5.4 పరిమాణము గల కంపము కలిగెను.

పులిచింతల జలాశయమే మన కంపములకు కారణమని పలువురి అనుమానము. ఆ అనుమానము నవ్వి తోసివేయదగినది కాదు. మహారాష్ట్రమున కోయనా జలాశయము నిండిన కొన్నియేండ్లకు, 1967 డిసెంబరులో, ఆరుకు మించిన పరిమాణముతో భూమి కంపించి నూటడెబ్బదిమందికి పైగా మరణించిరి. నీటి బరువు, పగుళ్ళలోనికి దిగిన నీటి ఒత్తిడి, అదివఱకే బిగిసియున్న బండలు జారుటకు తోడ్పడును. అంతేగాని నీరే ఆ బలమును పుట్టింపదు.

ఇక ధ్వని మాట. బండలు జారినప్పుడు బయలుదేరు మొదటి అల శబ్దమువంటిది. కంపము నేలకు దగ్గఱగా పుట్టినచో ఆ అల గాలిలో కలిసి మన చెవికి ఉరుమువలె వినబడును. దానివెనుక వచ్చు రెండవ అల నెమ్మదియైనది గాని యెక్కువగా కుదుపునది. మెఱుపునకును ఉరుమునకును నడుమ ఎడమునుబట్టి పిడుగు ఎంత దూరమో మీరు అంచనా కట్టుదురు గదా! భూకంపములు నమోదు చేయు యంత్రముచెంత కూర్చుండువారును అట్లే రెండు అలల నడుమ గడచిన సెకండ్లను లెక్కించి, దానిని ఇంచుమించు ఎనిమిదిచే హెచ్చించి, కిలోమీటర్ల దూరము చెప్పుదురు. మూడుచోట్ల యంత్రములున్నచో జన్మస్థానము చిక్కును.

ఆ ధ్వని అగ్నిపర్వతముది కాదు. ఒక పలక మరొకదాని క్రిందికి దూరుచోటను, పలకలు విడిపోవుచోటను ఎక్కువగా రాయి కరగి పైకి లేచును. మన దేశమున నేడు సజీవముగా నున్న అగ్నిపర్వతము అండమాను సముద్రమందలి బారెన్ ద్వీపమొక్కటే. అది నూటయేబది సంవత్సరములకు మించి నిద్రించి 1991లో మరల మేల్కొనెను. కృష్ణా మెట్ట అట్టి హద్దులకు దూరమున నున్నది.

ఒకప్పుడు మాత్రము మన చెంతను నిప్పురాయి ప్రవహించినమాట నిజము. రాజమహేంద్రవరము చెంతనున్న కాతేరులోను, గోదావరి కావలనున్న పంగిడిలోను తవ్వు నల్లరాయి సుమారు ఆరుకోట్ల అరువదిలక్షల సంవత్సరములనాటి ద్రవశిల. వజ్రముల కథ ఇంకను పాతది. తొలకరి వానలకు గుడిమెట్ల చేలలో జనులు వజ్రములకై వెదకుట మీరెఱిగినదే. వజ్రము నూటయేబది కిలోమీటర్ల లోతున పుట్టి, మిక్కిలి ప్రాచీనకాలమున ఒకవిధమైన అగ్నిపర్వత నాళముద్వారా పైకి వచ్చినది. ఆ నాళములు చల్లారి కోట్ల సంవత్సరములైనవి.

కావున నిప్పునకు భయపడవలదు. గోడను మాత్రము నమ్మవలదు. 1993వ సంవత్సరము సెప్టెంబరు 30న, తెల్లవారకమునుపే, లాతూరు జిల్లా కిల్లారిలో భూమి కంపించి సుమారు పదివేలమంది చనిపోయిరి. పరిమాణము 6.2. పరిమాణమున ఒక అంకె పెరిగినచో వెలువడు శక్తి ముప్పదిరెండు రెట్లగును. కావున అది మన 2020 కంపమునకు రెండువందల రెట్లు మించినది. అయినను అన్ని ప్రాణములు పోవుటకు భూమియొక్కటే కారణము కాదు. గుండ్రాళ్ళను మట్టితో పేర్చిన వెడల్పు గోడలు, వానిపై అడుగులకొలది మట్టి పోసిన మిద్దెలు, నిద్రించువారిపై కూలెను. మన మెట్ట గ్రామములలోను అట్టి పాతయిండ్లు ఇంకను కలవు.

క్రొత్తగా రాతిగోడ కట్టించువారు గోడ వెడల్పంతయు ఆక్రమించు పొడుగురాళ్ళను నడుమ నడుమ వేయింపవలెను. ద్వారబంధముల మీదుగా నాలుగు గోడలను చుట్టివచ్చునట్లు ఇనుపకమ్ములు గల కాంక్రీటు పట్టీ పోయించినచో గోడలు విడిపోక ఒక పెట్టెవలె కదలును. అందులకగు ఖర్చు ఇంటి ఖర్చులో కొద్దిపాలే. పాత గోడ పొట్టవచ్చి యున్నచో దానిచెంత మంచము వేయరాదు. గట్టి యింటిలో నున్నవారు కంపించువేళ పరుగెత్తక బల్లక్రిందనో, గట్టి మంచముక్రిందనో తల దాచుకొనవలెను. మట్టిమిద్దెలో నున్నవారు, వాకిలి రెండడుగుల దూరమున నున్నచో, వెలుపలికి పోవుటయే మేలు.

ఫలానా తేదీని భూకంపము వచ్చునని చేతిఫోనులలో ప్రాకు వార్తలను మీ గ్రామమున ఎవరైన చదివినచో, తేదీని ముందుగా చెప్పగల యంత్రము ఏ దేశమునను లేదని వారికి చెప్పుడు.