గల్ఫ్‌ సంచికి పట్టీలే ముప్పు

జగిత్యాల: ఉపాధి కోసం గల్ఫ్‌కు వెళ్లేవారిలో పలువురి సామగ్రి గుడ్డ సంచుల్లోనే ఉంటుంది. విమానాశ్రయంలో సామగ్రిని మోసే బెల్టుల నడుమ వేలాడే పట్టీ చిక్కుకుంటే సంచి చిరిగిపోతుంది. పట్టీలను మడిచి టేపు చుట్టాలి. అడుగున మందపాటి అట్ట పరిస్తే సంచి చదునుగా నిలుస్తుంది. ఒకవైపైనా చదునుగా లేని సామగ్రిని అనుమతించబోమని దుబాయి విమానాశ్రయం 2017లోనే ప్రకటించింది. దుప్పట్లను గుండ్రంగా చుట్టి, తాళ్లతో బిగించి తెచ్చేవారు ఇది గమనించాలి.

ఆవకాయ డబ్బాను రెండు ప్లాస్టిక్‌ కవర్లలో గట్టిగా కట్టి దుస్తుల మధ్య ఉంచాలి. నూనె కారితే పక్కవారి సామగ్రీ పాడవుతుంది. పవర్‌బ్యాంకు, పాస్‌పోర్టు, ఉద్యోగ ఒప్పంద పత్రాలు, మందులు చేతిసంచిలోనే ఉండాలి.

సంచి చిరిగి వస్తే విమానాశ్రయం దాటకముందే విమానయాన సంస్థ సిబ్బందికి ఫిర్యాదు చేసి, దాని ప్రతిని తీసుకోవాలి. అంతర్జాతీయ ప్రయాణాల్లో నష్టంపై రాతపూర్వక ఫిర్యాదుకు గడువు సామగ్రి అందినప్పటి నుంచి 7 రోజులే.