పందెపు బాటమీద మోటారుసైకిలు పాఠం

మన కుర్రవాళ్లు మోటారుసైకిలెక్కితే ఇల్లు చేరేదాకా తల్లులకు కునుకు పట్టదు. వేగం మానమంటే వినరు. నేర్చుకునే చోటు చూపడమే మేలని మేమనుకుంటాము.

చెన్నపట్నానికి చేరువలో, శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990లో వెలసిన పందెపు బాట ఉన్నది. చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. పందేలు లేని కొన్ని దినాలలో రుసుము చెల్లించినవారిని అభ్యాసానికి రానిస్తారు. అక్కడ ఎదురుబండి రాదు, పశువు అడ్డుపడదు.

నేర్వవలసినవి మూడు. మలుపుకు ముందే, బండి నిటారుగా ఉండగానే బ్రేకు వేయాలి. బరువు ముందుకు ఒరుగుతుంది గనుక ముందు బ్రేకుదే ఎక్కువ పని. చూపు పోవలసిన చోట నిలపాలి. చూపెటో బండీ అటే. వేగం రెట్టింపయితే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగింతలు.

ఈ మూడవది ఒంటబట్టినవాడు వీధిలో తానే నెమ్మదిస్తాడు. హెల్మెట్టు మాత్రం రెండుచోట్లా తప్పదు.